దగ్గితే మూత్రం పడిపోతోందా? చిన్న ఆపరేషన్ల గురించి మన ఆడవాళ్లు అడిగే ప్రశ్నలు

ఒంగోలులో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. కందుకూరు, కనిగిరి, పొదిలి, కావలి వైపు నుంచి వచ్చే అమ్మలు, అక్కలు తలుపు దగ్గరికి వేశాక గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు ఇవి. నడుం నొప్పి అని వస్తారు, కాసేపటికి అసలు సంగతి బయటపడుతుంది. నేను సర్జన్‌ని కాదు, కాబట్టి మీకు ఏ ఆపరేషన్ చేయాలో తేల్చేది మీ డాక్టరే. కానీ డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియకపోతే ఆ ఐదు నిమిషాలు తలాడించడంతోనే అయిపోతాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

దగ్గినా తుమ్మినా, బిందె ఎత్తినా చుక్కలు పడుతున్నాయి. ఇది జబ్బా, వయసు మీద పడటమా?

జబ్బే, దానికి వైద్యం ఉంది. వయసుతో పాటు పెరుగుతుంది కానీ వయసు వల్ల మాత్రమే కాదు, ముప్పై ఏళ్లు కూడా నిండని వాళ్లు రెండో కానుపు తర్వాత ఇదే బాధతో వస్తుంటారు. పొగాకు గ్రేడింగ్ షెడ్డులో ఘాటుకి రోజంతా దగ్గేవాళ్లు, వరినాట్లలో పొద్దుగూకేదాకా వంగి ఉండేవాళ్లు, పాత చీర గుడ్డ మడిచి పెట్టుకుని, తడిసినా కనపడకూడదని ముదురు రంగు చీరే కట్టుకుని ఏళ్లు గడిపేస్తున్నారు. పెళ్లికి వెళ్లడం మానేస్తారు, నలుగురిలో గట్టిగా నవ్వడం మానేస్తారు. మీరు ఒక్కరే కాదు, మీ వీధిలోనే ఇంకా చాలామంది ఉంటారు, ఎవరూ పైకి చెప్పరంతే.

అసలు ఎందుకు కారుతుంది?

పొలంలో నీళ్ల పైపు గట్టి గట్టు మీద ఉన్నప్పుడు కాలితో తొక్కితే నీళ్లు ఆగిపోతాయి, అదే పైపు బురదలో ఉంటే తొక్కినకొద్దీ లోపలికి దిగుతుంది తప్ప నీళ్లు ఆగవు. మూత్రం బయటికి వచ్చే గొట్టం కింద కూడా కండరాలు, పొరలు కలిసి అట్లాంటి గట్టు ఒకటి ఉంటుంది. కానుపుల్లో అది సాగుతుంది, ముట్లు ఆగిపోయాక పలచబడుతుంది, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, అధిక బరువు దాన్ని ఇంకా కిందికి తోస్తాయి. అప్పుడు దగ్గగానే పొట్టలో పుట్టే ఒత్తిడికి గొట్టం మూసుకోలేక కారిపోతుంది. కొంతమందిలో గట్టు బాగానే ఉంటుంది, గొట్టాన్ని బిగించే కండరమే బలహీనపడి ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఏ చికిత్స ఎవరికి పని చేస్తుందనేది చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది.

నాది ఈ రకమేనని ఎట్లా తెలుస్తుంది?

ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, తక్కువమంది అడిగే ప్రశ్న కూడా. మూత్రం కారడంలో ప్రధానంగా రెండు రకాలు. దగ్గు, తుమ్ము, నవ్వు, బరువు, ఇట్లా ఒత్తిడి పడ్డ క్షణంలో కారడం ఒకటి. ఉన్నట్టుండి ఆపుకోలేనంతగా వచ్చి బాత్రూమ్ తలుపు తీసేలోపే పడిపోవడం రెండోది. ఈ రెండో రకానికి మందులున్నాయి, అలవాటు మార్పించే పద్ధతులున్నాయి, కానీ నేను కింద చెప్పబోయే టేపు ఆపరేషన్ దాని కోసం కాదు, చేయించుకుంటే ఒక్కోసారి ఆ ఆత్రం పెరుగుతుంది కూడా. రెండూ కలిసి ఉన్నవాళ్లు చాలామంది, వాళ్లకు ఏది ఎక్కువ బాధపెడుతోందో దానితో మొదలుపెడతారు.

మూడు రోజులు ఒక లెక్క రాయండి. గోడ క్యాలెండర్ పాత కాగితం వెనకవైపు చాలు. ఎన్నింటికి ఏం తాగారు, ఎంత తాగారు, ఎన్నింటికి వెళ్లారు, కారినప్పుడు ఏం చేస్తున్నారు. మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూమ్‌లో పెట్టుకుని ప్రతిసారీ ఎంత వచ్చిందో కూడా కొలిచి రాస్తే ఇంకా మేలు. "పదకొండు గంటలు, 150, మిరపకాయల ఘాటుకి తుమ్మితే పడింది" అని రాసి ఉన్న ఒక్క కాగితం చూస్తే డాక్టరుకి సగం విషయం అక్కడే అర్థమైపోతుంది.

దాంతోపాటు మూత్ర పరీక్ష (ఇన్‌ఫెక్షన్ ఉంటే ముందు అది తగ్గాలి), బ్లాడర్ (మూత్రసంచి) నిండుగా ఉన్నప్పుడు దగ్గించి చూడటం, మూత్రానికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కానింగులో చూడటం, అవసరమైతే గర్భసంచి జారిందేమో పరీక్షించడం, మామూలుగా ఇవి చాలు. దగ్గించి చూడకుండా, బట్టల మీదనుంచే రెండు మాటలు అడిగి ఆపరేషన్ తేదీ ఇస్తే ఒప్పుకోవద్దు.

యూరోడైనమిక్ టెస్ట్ తప్పనిసరా?

బ్లాడర్ నిండేటప్పుడు, ఖాళీ అయ్యేటప్పుడు లోపలి ఒత్తిడి ఎంతుందో సన్న పైపుతో కొలిచే పరీక్ష ఇది. అందరికీ అక్కర్లేదు. దగ్గినప్పుడే కారుతున్నట్టు పరీక్షలో స్పష్టంగా కనిపించినవాళ్లలో ఈ టెస్ట్ చేసి ఆపరేషన్ చేసినా, చేయకుండా చేసినా ఏడాది తర్వాత ఫలితం ఒకటేనని 2012లో అమెరికాలో 630 మంది మీద జరిగిన అధ్యయనంలో తేలింది. ఇదివరకు ఆపరేషన్ అయి మళ్లీ కారుతున్నా, రెండు రకాలూ కలిసి ఉన్నా, మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోయినా, నరాల జబ్బు ఉన్నా అప్పుడు అవసరం.

గర్భసంచి తీసేస్తే ఇది కూడా పోతుందని ఊళ్లో చెప్పారు. నిజమేనా?

కాదు. దయచేసి ఈ మాట నమ్మి గర్భసంచి తీయించుకోకండి. గర్భసంచి తీసినంత మాత్రాన దగ్గితే కారడం తగ్గదు. పైగా, గర్భసంచి తీయించుకున్నవాళ్లకు ఆ తర్వాత మూత్రం కారుతున్నందుకు ఆపరేషన్ అవసరం పడే అవకాశం తీయించుకోనివాళ్ల కంటే రెట్టింపుకు పైగా ఉందని 2007లో స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చూపింది. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ఒకటని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. మన పల్లెల్లో ముప్పై అయిదేళ్లకే "సంచి తీయించేశాం మేడమ్" అని చెప్పే ఆడపిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఫైబ్రాయిడ్లో (గర్భసంచిలో గడ్డలు), క్యాన్సరో, బాగా జారిపోవడమో, సరైన కారణం ఉంటే తీయాల్సిందే. మూత్రం కారడం ఆ కారణాల్లో లేదు.

వ్యాయామం వల్ల నిజంగా తగ్గుతుందా, లేక ఊరికే చెప్తారా?

సరిగ్గా చేస్తే తగ్గుతుంది. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు ఈ వ్యాయామాల గురించి రాశారు, అందుకే కెగెల్ ఎక్సర్‌సైజులు అంటారు. ఇప్పటికీ ప్రపంచమంతా మొదటి మెట్టుగా చెప్పేది ఇదే.

చిక్కంతా ఏమిటంటే చాలామంది తప్పుగా చేస్తారు. బిగించమంటే పొట్ట బిగిస్తారు, పిరుదులు బిగిస్తారు, ఊపిరి బిగపడతారు, కొందరైతే పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతారు, దాంతో ఉన్నది ఇంకా జారుతుంది. సరైన కండరం దొరకాలంటే వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి, గ్యాస్ బయటికి పోకుండా ఆపుకుంటున్నట్టు, అదే సమయంలో మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగండి. పొట్ట మీది చెయ్యి కదలకూడదు, తొడలు బిగుసుకోకూడదు, మామూలుగా ఊపిరి ఆడుతుండాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజూ వ్యాయామంలా చేయకండి, అది బ్లాడర్‌కి మంచిది కాదు.

ఒకసారికి కనీసం ఎనిమిది బిగింపులు, రోజుకి మూడుసార్లు, కనీసం మూడు నెలలు. మూడు నెలలు అన్నానంటే మూడు నెలలే, రెండు వారాలు చేసి "నాకు పని చెయ్యలేదు" అంటే నేను ఒప్పుకోను. దాంతోపాటు దగ్గో తుమ్మో వస్తున్నట్టు తెలియగానే, అది రాకముందే బిగించి పట్టుకోవడం నేర్చుకుంటే చాలామందికి తేడా త్వరగా కనిపిస్తుంది. వీలైతే ఒక్కసారైనా ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర చూపించుకోండి, వీడియో చూసి చేసే బిగింపు సరైందో కాదో వీడియో చెప్పదు కదా.

అయితే బాగా ఎక్కువగా కారేవాళ్లకు వ్యాయామం ఒక్కటే చాలకపోవచ్చు, ఆ మాట కూడా చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 460 మంది మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాది తర్వాత మెరుగయ్యామన్నవాళ్లు టేపు ఆపరేషన్‌తో మొదలుపెట్టిన గుంపులో నూటికి 91 మంది దాకా, వ్యాయామంతో మొదలుపెట్టిన గుంపులో 64 మంది. వ్యాయామంతో మొదలుపెట్టినవాళ్లలో సగం మంది చివరికి ఆపరేషన్ వైపు వెళ్లారు. అంటే మిగతా సగం మంది కత్తి పడకుండానే ఉన్నారు. ఈ లెక్కని ఎటునుంచైనా చదవచ్చు, మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనం అని మాత్రం గుర్తుంచుకోండి.

ఆపరేషన్ లేకుండా ఇంకేమైనా ఉందా?

బరువు తగ్గడం. 2009లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో బరువులో దాదాపు 8 శాతం తగ్గినవాళ్లకు వారంలో కారే సార్లు సగం దాకా తగ్గాయి. 75 కిలోలున్న మనిషి ఆరు కిలోలు తగ్గడమన్నమాట, అది చేయగలిగిన పనే.

రింగ్ కూడా ఉంది. సిలికాన్ రింగ్, డాక్టర్ కొలత చూసి యోనిలో అమరుస్తారు, గొట్టానికి కింద ఆనుగా ఉంటుంది, కావాలంటే తీసేయొచ్చు. బరువు పనులప్పుడు, ప్రయాణాల్లో మాత్రమే ఎక్కువ ఇబ్బంది ఉన్నవాళ్లకు, ఆపరేషన్‌కి ఒళ్లు సహకరించని పెద్దవాళ్లకు బాగా పనికొస్తుంది. మన దగ్గర దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ, కాబట్టి మీరే అడగండి.

దగ్గు, మలబద్ధకం ఉంటే వాటికి ముందు వైద్యం చేయించుకోండి. డ్యులాక్సిటిన్ అనే మాత్ర కొన్ని దేశాల్లో ఇస్తారు కానీ వికారం, మగత లాంటివి ఎక్కువ కావడంతో చాలామంది మధ్యలో ఆపేస్తారు, మొదటి ఎంపిక కాదు.

నీళ్లు తాగడం మానేయడం మాత్రం చికిత్స కాదు. మే నెల ఎండలో నెల్లూరు పొలాల్లో పని చేస్తూ పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగకుండా ఉండేవాళ్లు ఉన్నారు, మూత్రం చిక్కబడి మంట, ఇన్‌ఫెక్షన్, రాళ్లు, ఉన్న బాధకి ఇవన్నీ తోడవుతాయి. టీ, కాఫీ తగ్గించండి, నీళ్లు కాదు.

ఇంజెక్షన్‌తో తగ్గుతుందంటున్నారు, అదేంటి?

గొట్టం గోడలో జెల్ లాంటి పదార్థం ఎక్కించి లోపలి దారిని కాస్త ఇరుకు చేయడం. చిన్న కెమెరా గొట్టం పెట్టి, చాలాసార్లు ఆ చోటికి మాత్రమే ఇచ్చే మత్తుతోనే, మూడు నాలుగు చోట్ల ఎక్కిస్తారు, పావుగంట పని, కోత లేదు, అదే రోజు ఇంటికి పోవచ్చు. వీటిలో ఇప్పుడు ఎక్కువ వినబడే పేరు బల్కమిడ్, అందులో 97.5 శాతం నీళ్లే, మిగతాది పాలీయాక్రిలమైడ్. అమెరికాలో 2020లో దీనికి అనుమతి వచ్చింది, యూరప్‌లో అంతకు చాలా ముందునుంచే వాడుతున్నారు.

తేలిక, ప్రమాదం తక్కువ, కానీ బలం కూడా తక్కువే. 2020లో ప్రచురించిన ఫిన్లాండ్ అధ్యయనంలో టేపునీ ఈ ఇంజెక్షన్‌నీ పోల్చి చూస్తే ఏడాది తర్వాత బాగా తృప్తిగా ఉన్నామన్నవాళ్లు టేపు వైపు నూటికి 95 మంది, ఇంజెక్షన్ వైపు 60 మంది. ఆపరేషన్ చిక్కులు మాత్రం ఇంజెక్షన్ వైపే తక్కువ. కొంతమందికి రెండోసారి ఎక్కించాల్సి వస్తుంది. పెద్ద మత్తు తట్టుకోలేనివాళ్లకు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు, గొట్టం కండరమే బలహీనపడ్డవాళ్లకు, టేపు అంటే భయపడేవాళ్లకు మంచి దారి. దీంతో తగ్గకపోతే తర్వాత టేపు వేయించుకోవచ్చు, ఆ తలుపు మూసుకుపోదు. మన జిల్లాల్లో అన్నిచోట్లా దొరికేది కాదు, చెన్నై వైపు వెళ్లాల్సి రావచ్చు.

టేపు ఆపరేషన్ అంటే ఏం చేస్తారు?

పాలీప్రొపిలీన్ దారంతో వల లాగా అల్లిన, సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీని గొట్టం మధ్యభాగం కింద ఉయ్యాలలా వేస్తారు. లాగి బిగించరు, వదులుగా ఆనిస్తారు, దగ్గినప్పుడు మాత్రమే అది అడ్డుకుంటుంది. యోని లోపల చిన్న కోత, బయట రెండు చిన్న గాట్లు, అరగంట పని. వెన్నుకి ఇంజెక్షన్ ఇచ్చి గానీ మొత్తం మత్తు ఇచ్చి గానీ చేస్తారు, అదే రోజో మర్నాడో ఇంటికి పంపుతారు. 1996లో స్వీడన్‌కి చెందిన ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ ఈ పద్ధతిని ప్రచురించారు, అంతకుముందు దీనికి పొట్ట కోయాల్సి వచ్చేది. తొలి రోజుల్లో చేయించుకున్నవాళ్లని 17 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే అందుబాటులోకి వచ్చినవాళ్లలో నూటికి 90 మందికి పైగా పరీక్షలో కారలేదు. ఇన్నేళ్ల లెక్క ఉన్న చిన్న చికిత్స ఇంకోటి లేదు.

పొట్ట వైపు నుంచి వేసే టేపు మంచిదా, తొడ వైపు నుంచి వేసేదా?

డాక్టర్లు టీవీటీ అని పిలిచేది ఎముక వెనకనుంచి పొట్ట కింది భాగంలోకి వచ్చేది, టీవోటీ అని పిలిచేది గజ్జల వైపు, తొడ మొదట్లోకి వచ్చేది. రెండోదాన్ని 2001లో ఫ్రాన్స్‌లో డెలార్మ్ మొదలుపెట్టారు. బ్లాడర్‌కి చిల్లు పడే ప్రమాదం తప్పించడం దాని ఉద్దేశం.

2010లో 597 మంది మీద అమెరికాలో జరిగిన అధ్యయనంలో ఏడాది తర్వాత పరీక్షల్లో చూస్తే పొట్ట వైపు టేపు నూటికి 81 మందికి, తొడ వైపుది 78 మందికి పని చేసింది, అంటే దాదాపు సమానం. తేడా అంతా ఇబ్బందుల్లో ఉంది. పొట్ట వైపు వేసినప్పుడు నూటికి ఐదుగురిలో సూది బ్లాడర్‌కి గుచ్చుకుంది (అప్పుడే కెమెరాతో చూసి సరిచేస్తారు, కొన్ని రోజులు పైపు ఉంచుతారు, చాలావరకు తర్వాత ఇబ్బంది ఉండదు), నూటికి ముగ్గురి దాకా మూత్రం సరిగా రాక మళ్లీ చిన్న ఆపరేషన్ అవసరమైంది. తొడ వైపు వేసినవాళ్లలో ఆ ఆపరేషన్ ఎవరికీ అవసరం పడలేదు, కానీ కాలు తిమ్మిరి, బలం తగ్గడం లాంటివి రెట్టింపు కంటే ఎక్కువ మందిలో కనిపించాయి, 4కి బదులు 9 శాతం.

నా మనసులో మాట చెప్తాను. నాటు వేసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, మగ్గం గుంటలో కూర్చుని కాళ్లతో తొక్కే వెంకటగిరి చేనేత అక్కలు, వీళ్లకి గజ్జల్లో, తొడల్లో నొప్పి వస్తే కూలి పోయినట్టే. మీ పని ఏమిటో, రోజుకి ఎంతసేపు గొంతుక్కూర్చుంటారో డాక్టరుకి చెప్పి తీరండి. తొడలోంచి టేపు తీయాల్సి వస్తే పొట్ట వైపునుంచి తీయడం కంటే కష్టం కూడా. మరోవైపు, ఇదివరకు పొట్ట కింది భాగంలో పెద్ద ఆపరేషన్లయి లోపల అతుక్కుపోయి ఉంటే సర్జన్ తొడ వైపే మంచిదనవచ్చు.

ఒకే కోతతో వేసే చిన్న టేపు వచ్చిందట?

అవును, మినీ స్లింగ్. బయట గాట్లు ఉండవు, ఆ చోటికి మాత్రమే ఇచ్చే మత్తుతో కూడా చేయొచ్చు. 2022లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 15 నెలలకి ఇది 79 శాతం, మామూలు టేపు 76 శాతం మందికి మేలు చేసింది, మూడేళ్లకి కూడా తీసిపోలేదు. కానీ భర్తతో కలిసినప్పుడు నొప్పి అన్నవాళ్లు మామూలు టేపులో 5 శాతమైతే ఇందులో 12 శాతం. ఈ సంగతి మన దగ్గర ఎవరూ ముందుగా చెప్పరు, అడగడానికి మీకూ మొహమాటం. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మెష్ (వల లాగా అల్లిన పట్టీ) వల్ల విదేశాల్లో పెద్ద గొడవ జరిగిందని చదివాను. భయంగా ఉంది.

భయపడటంలో తప్పు లేదు, జరిగింది నిజం. గర్భసంచి, బ్లాడర్ జారినప్పుడు యోని ద్వారా వేసే పెద్ద మెష్ ముక్కల వల్ల ఎందరో ఆడవాళ్లు తీవ్రమైన నొప్పితో బాధపడ్డారు, 2019లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఆ రకం అమ్మకాలు ఆపించింది. మూత్రం కారడానికి వేసే సన్న టేపుని ఎఫ్‌డీఏ ఆపలేదు. బ్రిటన్ మాత్రం 2018లో టేపుని కూడా నిలిపేసింది, 2020లో అక్కడి ప్రభుత్వం వేయించిన విచారణకు పెద్దగా ఉన్న బారనెస్ కంబర్లెజ్ ఇచ్చిన నివేదిక ఆ ఆడవాళ్ల మాట ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదని తేల్చింది. న్యూజిలాండ్ కూడా 2023లో ఆపింది.

టేపు వేయించుకున్న ఎక్కువమంది హాయిగానే ఉన్నారు. కొద్దిమందికి టేపు యోని గోడలోంచి బయటికి కనిపించడం, భర్తకి గుచ్చుకోవడం, తగ్గని నొప్పి లాంటివి వస్తాయి, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా. చుట్టూ కండ పెరిగి టేపులోకి అల్లుకుపోతుంది కాబట్టి దాన్ని పూర్తిగా తీయడం వేయడమంత తేలిక కాదు, తీసినా నొప్పి పోతుందన్న హామీ లేదు. ఇది శాశ్వతంగా లోపలే ఉండే వస్తువు. సంతకం పెట్టే ముందు ఈ ఒక్క వాక్యం డాక్టర్ నోటివెంట మీరు వినాలి. ఏ కంపెనీ టేపో, దాని స్టిక్కర్ నెంబర్ ఏంటో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి, ఆ కాగితం ఆధార్ కార్డంత జాగ్రత్తగా దాచుకోండి.

మెష్ అసలు వద్దంటే?

రెండు దారులు. మీ పొట్ట గోడలోంచే గట్టి పొర ముక్క తీసి దాన్నే టేపులా వేయడం ఒకటి. బాగా పని చేస్తుంది, బయటి వస్తువేదీ ఉండదు, కానీ పొట్ట కింద అడ్డంగా కోత పడుతుంది, కోలుకోవడానికి ఎక్కువ రోజులు, మూత్రం సరిగా రాకపోవడం కూడా ఎక్కువ, కొందరు కొన్నాళ్లు తామే పైపు పెట్టుకుని ఖాళీ చేసుకోవాలి. రెండోది బర్చ్ పద్ధతి, 1961 నాటిది, గొట్టం పక్కనున్న పొరల్ని ఎముక దగ్గరి లిగమెంటుకి కుట్లతో పైకి కడతారు, ఇప్పుడు ల్యాప్రోస్కోపీతో చిన్న రంధ్రాల్లోంచే చేయగలుగుతున్నారు. 2007లో వచ్చిన 655 మంది అధ్యయనంలో ఒత్తిడికి కారడం తగ్గింది సొంత పొరతో 66 శాతం మందికి, బర్చ్‌తో 49 శాతం మందికి. ఇవి చేయడం తెలిసిన చేతులు తక్కువ, అందుకని డాక్టర్‌ని "మీరు ఇది తరచుగా చేస్తారా" అని అడగడం తప్పు కాదు.

లేజర్, అయస్కాంతం కుర్చీ?

లేజర్‌కి డబ్బు పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. యోని లేజర్‌లను మూత్రం కారడం లాంటి సమస్యలకి ప్రచారం చేయడం మీద 2018లోనే ఎఫ్‌డీఏ హెచ్చరించింది, కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి వచ్చిన సందర్భాలున్నాయి. బ్రిటన్‌లో దీన్ని పరిశోధనలో భాగంగా మాత్రమే చేయాలంటున్నారు. మూడు సిట్టింగులు, నాలుగు సిట్టింగులు అని ప్యాకేజీ చెప్పి, బంగారం తాకట్టు పెట్టించి మరీ కట్టించుకున్న క్లినిక్ నుంచి ఏ మార్పూ లేకుండా నా దగ్గరికి వచ్చిన అక్కలు ఉన్నారు, వాళ్ల మొహాలు చూస్తే కోపం ఆగదు. కుర్చీ మీద బట్టలతోనే కూర్చుంటే అయస్కాంత శక్తితో కండరాలు బిగుసుకుంటాయి, పెద్ద హాని లేదు గానీ ఫలితం ఎన్నాళ్లు నిలుస్తుందన్న దానికి గట్టి ఆధారాలు ఇంకా లేవు. ఆ డబ్బుతో మంచి ఫిజియోథెరపిస్టు దగ్గర మూడు నెలలు నేర్చుకోవచ్చు.

ఇన్నిటిలో మీరైతే మీ అక్కకి ఏది చెప్తారు?

వెనక్కి తీసుకోగలిగినవి ముందు, తీసుకోలేనివి తర్వాత. వ్యాయామం ఆపేయొచ్చు, రింగ్ తీసేయొచ్చు, టేపు అట్లా తీసేయలేం. కాబట్టి మా అక్కే అయితే మూడు నెలలు నా ఎదుట కూర్చోబెట్టి వ్యాయామం చేయిస్తాను, కావాలంటే రింగ్ పెట్టిస్తాను. అయినా బతుకు ఇబ్బందిగానే ఉంటే, పిల్లల్ని కనడం అయిపోయి ఉంటే, ఎక్కువగా కారుతుంటే, అన్నీ చెప్పి పొట్ట వైపు టేపు గురించి మాట్లాడమంటాను. టేపు అంటే ససేమిరా అన్నా, ఒంట్లో బాగాలేకపోయినా ఇంజెక్షన్. అట్లాగని వ్యాయామం పేరుతో ఐదేళ్లు లాగడం కూడా అన్యాయమే, మూడు నాలుగు నెలలు సరిగ్గా చేసి తగ్గకపోతే ఆపరేషన్ అడగడం ఓటమి కాదు.

ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నాను.

అయితే ఆపరేషన్ వాయిదా వేసుకోండి, కడుపు, కానుపు మళ్లీ ఆ భాగం మీదే ఒత్తిడి పెడతాయి. వ్యాయామం, రింగ్‌తో నెట్టుకురావచ్చు.

షుగర్ ఉంది, వయసు అరవై దాటింది. చేస్తారా?

చేస్తారు. షుగర్ అదుపులో ఉండాలి, లేకపోతే గాయం మానదు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ముట్లు ఆగి చాలా ఏళ్లయినవాళ్లకు యోని పొర పలచగా, పొడిగా ఉంటే ఈస్ట్రోజెన్ క్రీమ్ కొన్ని వారాలు రాయమనవచ్చు, రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు?

ముందు గైనిక్ ఓపీకే వెళ్లండి. నెల్లూరు పెద్దాసుపత్రి, ఒంగోలు పెద్దాసుపత్రి (మనమంతా ఇంకా రిమ్స్ అనే అంటాం) రెండూ మెడికల్ కాలేజీ ఆసుపత్రులే, పరీక్ష, స్కానింగ్ అక్కడ మొదలుపెట్టొచ్చు. ఉదయగిరి నుంచైనా, దర్శి నుంచైనా ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బులు కట్టక్కర్లేదు కాబట్టి చార్జీ కోసమని ఆగిపోవద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే మీకు చెప్పిన ఆపరేషన్ అందులో వస్తుందో రాదో ఆసుపత్రిలో ఉండే మిత్ర కౌంటర్‌లో అడగండి, వస్తుందిలే అని ఎవరో అన్న మాట మీద అడ్మిట్ కావద్దు. ప్రైవేటులో అయితే చెప్పిన మొత్తంలో టేపు ధర, మత్తు డాక్టర్ ఫీజు కలిసి ఉన్నాయా అని కాగితం మీద రాయించుకోండి, చివర్లో పెరిగేది అక్కడే.

మా ఆయనకి ఎట్లా చెప్పాలి? అత్తగారు ఏమనుకుంటారో అని టెన్షన్.

సూటిగా చెప్పండి. "దగ్గితే మూత్రం పడిపోతోంది, దీనికి వైద్యం ఉందట, తోడు రా" అంతే. అత్తగారి సంగతంటారా, ఆమెకూ ఇదే బాధ ఉండి ఉండొచ్చు. కోడలు పరీక్షకి వస్తే తోడొచ్చిన అత్తగారు కోడలు బయటికి వెళ్లగానే "అమ్మా, నాక్కూడా" అనడం నేను చాలాసార్లు చూశాను. లేడీ డాక్టర్ కావాలని అడిగే హక్కు మీకుంది, పరీక్ష చేసేటప్పుడు నర్సుగానీ మీ మనిషిగానీ పక్కన ఉండాలని కూడా అడగొచ్చు.

ఆపరేషన్ తర్వాత జాగ్రత్తలేంటి, ఎప్పుడు కంగారు పడాలి?

నాలుగు నుంచి ఆరు వారాలు బిందెలు, బియ్యం బస్తాలు, పిల్లల్ని ఎత్తుకోవడం వద్దు, ఆరు వారాలు భర్తతో కలవడం వద్దు. మలబద్ధకం రానివ్వకండి. కొద్దిగా రక్తపు మరక కనిపించడం, ధార మునుపటికన్నా సన్నగా రావడం మొదట్లో మామూలే. పైపు తీశాక మూత్రం వచ్చిందా, లోపల ఎంత మిగిలిందని స్కాన్ చేశాకే ఇంటికి పంపమని అడగండి.

ఇంటికొచ్చాక పొట్ట కింద బిగుతుగా ఉండి గంటల తరబడి మూత్రం రాకపోయినా, చలిజ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పోతున్నా, వాసనతో నీరు కారుతున్నా, కాలు, గజ్జ నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, పిక్క వాచి నొప్పిగా ఉన్నా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి, డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి. నెలలు, ఏళ్లు గడిచాక యోనిలో గరుకుగా తగిలినా, కలిసినప్పుడు గుచ్చుకున్నా, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తున్నా టేపు వేయించుకున్న సంగతి ఆ డాక్టరుకి మీరే ముందు చెప్పండి, కొత్త డాక్టరుకి అది తెలిసే దారి లేదు.